ఇరవై ఎనిమిది బిళ్ళల లెక్క: డామినో ఆటలోనూ, ఆట బయటా

డామినోలు అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆట కాదు, కూలడం. వరసగా నిలబెట్టిన బిళ్ళల్లో మొదటిదాన్ని వేలితో తోస్తే చివరిదాకా టకటకా పడిపోయే వీడియోలను జనం కళ్ళార్పకుండా చూస్తారు. ఆ వీడియోల్లో వాడే బిళ్ళల మీద చాలావరకు చుక్కలే ఉండవు. ఆట కోసం పుట్టిన వస్తువు ఆట గుర్తులు చెరిపేసుకుని పేరు తెచ్చుకుంది. అందులో తప్పేమీ లేదు. కానీ డామినోతో చేయగలిగిన చమత్కారాల్లో సగానికి పైగా ఆ చుక్కల్లోనే ఉన్నాయి. ఆట బిళ్ళ మీద రెండు గడులు ఉంటాయి, ఒక్కో గడిలోని చుక్కల లెక్కే దాని అంకె. ఆ చమత్కారాలన్నిటికీ మూలం ఒక చిన్న నియమం: పెట్టెలోని అంకెల్లో ఏ రెండు తీసుకున్నా ఆ జంట ఉన్న బిళ్ళ కచ్చితంగా ఉంటుంది, ఒక్కటే ఉంటుంది.

మామూలు పెట్టెలో అంకెలు ఖాళీ గడితో మొదలై ఆరు దాకా వెళ్తాయి. ఖాళీని సున్నా అనుకుంటే మొత్తం ఏడు అంకెలు. వేర్వేరు అంకెల జంటలు 21, రెండు గడుల్లోనూ ఒకే అంకె ఉండే డబుల్స్ 7, కలిపి 28 బిళ్ళలు. ప్రతి అంకె ఏడు బిళ్ళల మీద కనిపిస్తుంది. డబుల్ మీద రెండుసార్లు వస్తుంది కాబట్టి గడుల లెక్కన ఎనిమిది. ఈ ఎనిమిదిని గుర్తుపెట్టుకోవాలి, ముందు ముందు దీనితో చాలా పని ఉంది. పెద్ద పెట్టెలూ దొరుకుతాయి. తొమ్మిది దాకా వెళ్ళే డబుల్ నైన్‌లో 55 బిళ్ళలు, పన్నెండు దాకా వెళ్ళే దాంట్లో 91, పదిహేను దాకా అయితే 136. నియమం మాత్రం అన్నిట్లో ఒకటే.

ఈ నియమం మొదటినుంచీ ఉన్నది కాదు. చైనాలో దక్షిణ సాంగ్ కాలపు నగర జీవితం గురించి రాసిన ఝౌ మి (1232–1298), వీధుల్లో అమ్మే సరుకుల్లో పాచికలతో పాటు ఇలాంటి ఆట బిళ్ళలను కూడా పేర్కొన్నాడు. చైనా బిళ్ళలు రెండు పాచికలు కలిపి వేస్తే పడే పందేలకు బొమ్మలు. అలాంటి పందేలు 21 రకాలు. ఖాళీ గడికి అక్కడ చోటు లేదు. వాటిలో 11 రకాలకు రెండేసి బిళ్ళలు ఉంటాయి కాబట్టి మొత్తం 32. అక్కడి ఆటల్లో ఎక్కువగా ఈ బిళ్ళలను పేకముక్కల్లా వాడతారు, ఏది పెద్దదో ఏది చిన్నదో చూసి గెలుపు తేలుస్తారు. 18వ శతాబ్దంలో ఇటలీలో కనిపించిన డామినోలో రెండో ప్రతులు పోయాయి, ఖాళీ అనే ఏడో అంకె వచ్చింది. ఆ 21 రకాలకు ఖాళీ ఉన్న 7 బిళ్ళలు కలిసి 28 అయ్యాయి. కొసకు కొస కలుపుతూ పోయే ఆటకు సరిగ్గా సరిపోయే పెట్టె అదే.

ఆట నియమాలు ఐదు నిమిషాల్లో వస్తాయి. బల్ల మీద ఉన్న వరసకు రెండు కొసలు. చేతిలో ఆ కొసల్లోని అంకె ఉన్న బిళ్ళ ఉంటే కలపాలి, లేకపోతే పాస్. ముందుగా చేతిలో బిళ్ళలు ఖాళీ చేసినవాళ్ళు గెలిచినట్టు. ఇంత సులువుగా ఉండబట్టే దీన్ని పిల్లల ఆట అనీ, అదృష్టం ఆట అనీ కొట్టిపారేస్తారు. నలుగురు ఇద్దరిద్దరు జట్టుగా కూర్చుని ఆడే ఆట చూస్తే ఆ అభిప్రాయం నిలబడదు. అందులో తలా ఏడు చొప్పున 28 బిళ్ళలూ పంచేస్తారు. పక్కన కుప్ప అంటూ ఏదీ మిగలదు. తన చేతిలో లేనిదీ బల్ల మీద లేనిదీ కచ్చితంగా మిగతా ముగ్గురిలో ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది.

ఉదాహరణకు బల్ల మీద కొసలు 3, 6 అనుకుందాం. ఎడమ పక్క ఆటగాడు పాస్ అన్నాడు. నోటినుంచి వచ్చింది ఒక్క మాటే, బయటపడింది మాత్రం చాలా. మూడు ఉన్న బిళ్ళలు ఏడు, ఆరు ఉన్నవి ఏడు, రెండూ ఉన్న 3-6 రెండు లెక్కల్లోనూ వచ్చింది కాబట్టి మొత్తం 13 బిళ్ళలు. ఆ పదమూడింటిలో ఒక్కటీ అతని చేతిలో లేదని తేలిపోయింది. ఇక అతని ప్రత్యర్థులు వీలైనప్పుడల్లా కొసలను మళ్ళీ 3 దగ్గరికో 6 దగ్గరికో తెస్తారు, అతను మళ్ళీ పాస్ అనేలా చేస్తారు. అతని భాగస్వామి మాత్రం ఆ రెండు అంకెలను ఎలాగైనా కొసల మీదినుంచి తప్పించాలని చూస్తాడు. మంచి ఆటగాళ్ళు ఏ బిళ్ళ వేశారన్నదాని కన్నా, వేయగలిగి కూడా ఏ కొసను వదిలేశారన్నదాన్ని ఎక్కువగా గమనిస్తారు. మాట్లాడకూడదన్న నియమం ఉన్న ఈ ఆటలో భాగస్వాములిద్దరూ బిళ్ళలతోనే మాట్లాడుకుంటారు.

కొన్నిసార్లు ఎవరూ బిళ్ళ కలపలేని స్థితి వస్తుంది. ఆట లాక్ అయిపోతుంది. అప్పుడు చేతిలో మిగిలిన చుక్కలు లెక్కపెట్టి, తక్కువ ఉన్నవాళ్ళను గెలిపిస్తారు. ఇక్కడ చాలామంది ఆటగాళ్ళు కళ్ళారా చూస్తూ కూడా పట్టించుకోని విషయం ఒకటుంది. 28 బిళ్ళలూ పంచి ఆడే ఆట లాక్ అయితే, రెండు కొసల్లోనూ ఎప్పుడూ ఒకే అంకె ఉంటుంది. ఒక కొస 4, ఇంకో కొస 5గా లాక్ కావడం జరగని పని. కారణం ఆ ఎనిమిది గడులే. ఎవరి దగ్గరా 4 లేదంటే నాలుగు ఉన్న ఏడు బిళ్ళలూ బల్ల మీదికి వచ్చేశాయి. వరస మధ్యలో ప్రతి అతుకు దగ్గరా 4 పక్కన 4 ఉండాలి, అంటే అతుకులు నాలుగులను జతలుగా మింగుతాయి. ఎనిమిది సరి సంఖ్య. ఒక కొసలో ఒక నాలుగు మిగిలితే లోపల ఏడు ఉండాలి, ఏడింటిని జతలు చేయలేం. కాబట్టి కొసల్లో నాలుగులు రెండైనా ఉండాలి, అసలు లేకుండానైనా ఉండాలి.

క్యూబా రాజధాని హవానాలో డబుల్ నైన్‌తో ఆడతారు. నలుగురికి తలా పది పంచితే 15 బిళ్ళలు మూతపడి పక్కన ఉండిపోతాయి. ప్యూర్టోరికో, డొమినికన్ రిపబ్లిక్ లాంటి చోట్ల మాత్రం ఆరు దాకా వెళ్ళే మామూలు పెట్టె, డబుల్ సిక్సే. అన్నీ పంచేస్తేనే అసలు లెక్క తెలుస్తుందని కొందరంటే, పదిహేను బిళ్ళలు కనిపించకుండా ఉంటేనే మజా అని ఇంకొందరంటారు. రెండో వాదనకు బలం లేకపోలేదు. డబుల్ నైన్‌లో ప్రతి అంకె పది బిళ్ళల మీద, పదకొండు గడుల్లో ఉంటుంది. పదకొండు బేసి సంఖ్య, కాబట్టి పై తర్కం ఇక్కడ తిరగబడుతుంది. ఆట లాక్ అయి రెండు కొసల్లోనూ ఒకే అంకె కనిపించిందంటే, ఆ అంకె ఉన్న బిళ్ళల్లో కనీసం ఒకటి ఆ పదిహేనులో దాక్కుని ఉన్నట్టే. తెరిచి చూడకుండానే చెప్పేయొచ్చు.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఈ బిళ్ళలతో ఇంకో దారి తొక్కారు. 1887లో గార్నర్ అనే ఊళ్ళో, పేకాట పాపమనే ఇళ్ళలో పెరిగిన ఇద్దరు కుర్రాళ్ళు పేకలు లేకుండా పేకాట ఆడే ఉపాయం కనిపెట్టారని అక్కడ చెప్పుకుంటారు. ఆ ఆట పేరు ఫార్టీ టూ. ఇందులో వరస పేర్చడం ఉండదు. ఎన్ని పాయింట్లు తెస్తామో పాట పాడి, పాట గెలిచినవాళ్ళు ఒక అంకెను తురుపుగా ఎంచుకున్నాక, నలుగురూ తలా ఒక బిళ్ళ వేసి పట్టు తీస్తారు. చుక్కల మొత్తం ఐదు వచ్చే మూడు బిళ్ళలకు (5-0, 4-1, 3-2) ఐదేసి పాయింట్లు, పది వచ్చే రెండు బిళ్ళలకు (5-5, 6-4) పదేసి. కలిపితే 35. పట్లు ఏడు, ఒక్కోదానికి ఒక పాయింటు. మొత్తం 42, ఆట పేరు అక్కడినుంచే వచ్చింది. పేకముక్కకు ఒకే రంగు ఉంటుంది. డామినోలో 5-2 బిళ్ళ ఐదుల జాతిదీ అవుతుంది, రెండుల జాతిదీ అవుతుంది. తురుపు మారితే బిళ్ళ కులమే మారిపోతుంది. నకలుగా పుట్టిన ఈ ఆటకు అసలు పేకాటలో లేని మెలిక అలా వచ్చి చేరింది.

ఇక గారడీ. ప్రదర్శకుడు ఒక కాగితం మీద రెండు అంకెలు రాసి మడిచి పెడతాడు. ప్రేక్షకులకు డామినో పెట్టె ఇచ్చి, అన్ని బిళ్ళలనూ ఆట నియమం ప్రకారం ఒకే వరసగా పేర్చమంటాడు. వాళ్ళు తమకు తోచినట్టు పేరుస్తారు. చివరికి వరస రెండు కొసల్లోనూ ఏ అంకెలు వచ్చాయో చూస్తే, కాగితంలో ఉన్నవి అవే. రహస్యం ఏమిటంటే, పెట్టె ఇచ్చేముందు అతను ఒక బిళ్ళ కొట్టేశాడు, 3-5 అనుకుందాం. మిగిలిన 27 బిళ్ళల్లో మూడులు ఏడు గడుల్లో, ఐదులు ఏడు గడుల్లో ఉన్నాయి, మిగతా అంకెలన్నీ ఎనిమిదేసి. జతల లెక్క ప్రకారం బేసిగా ఉన్నవి కొసలకే రావాలి. ఎలా పేర్చినా ఒక చివర 3, ఇంకో చివర 5 రాక తప్పదు. డబుల్ మాత్రం దాచకూడదు, ఏ అంకే బేసి కాదు కాబట్టి గారడీ పారదు. రెండోసారి చేస్తే ఇంకో బిళ్ళ దాచాలి, లేకపోతే అవే అంకెలు మళ్ళీ వచ్చి గుట్టు రట్టవుతుంది.

ఈ గారడీ వెనక ఉన్నది 1736లో గణితజ్ఞుడు లియోనార్డ్ ఆయిలర్ తేల్చిన కోనిగ్స్‌బర్గ్ నగరపు వంతెనల లెక్క. ఏ వంతెననూ రెండోసారి దాటకుండా అన్ని వంతెనలూ దాటి రావచ్చా అన్నది అక్కడి ప్రశ్న. డామినోలో అంకెలు ఊళ్ళు, బిళ్ళలు వాటిని కలిపే వంతెనలు అనుకుంటే రెండూ ఒకే సమస్య. డబుల్ సిక్స్ బిళ్ళలన్నిటినీ ఒకే వలయంగా మూసేయవచ్చని దీన్నిబట్టి తెలుస్తుంది. డబుల్ నైన్‌తో వలయం సాధ్యం కాదు, కనీసం ఒకే వరస కూడా కుదరదు. ఎంత తెలివిగా పేర్చినా 51 బిళ్ళల దగ్గర ఆగిపోవాల్సిందే, నాలుగు ఎప్పుడూ మిగిలిపోతాయి. డబుల్ సిక్స్‌ను ఒకే వరసగా ఎన్ని రకాలుగా పేర్చవచ్చో 1871లో రైస్ అనే జర్మన్ గణితజ్ఞుడు లెక్క తేల్చాడు: 79,59,22,99,31,520. దాదాపు 8 లక్షల కోట్లు. కంప్యూటర్ లేని రోజుల్లో చేత్తో వేసిన లెక్క అది.

చుక్కలతో బొమ్మలు వేయడం ఇంకా కొత్త విద్య. నల్ల బిళ్ళ మీద తెల్ల చుక్కలుంటే, ఖాళీ గడి దూరంనుంచి నల్లగా, తొమ్మిది చుక్కల గడి బాగా తెల్లగా కనిపిస్తుంది. మధ్యలోవన్నీ బూడిద రంగులో రకరకాల ఛాయలు. అంటే డబుల్ నైన్ పెట్టె పది ఛాయల రంగులపెట్టె. కంప్యూటర్ గ్రాఫిక్స్ తొలితరం వ్యక్తి కెన్ నోల్టన్ 1980ల మొదట్లోనే ఇలా ముఖచిత్రాలు చేశాడు. తర్వాత అమెరికాలోని ఓబర్లిన్ కాలేజీ గణిత ఆచార్యుడు రాబర్ట్ బాష్ దీన్ని పూర్తి స్థాయి గణిత సమస్యగా మార్చాడు. ఫ్యాక్టరీల్లో ఏ పని ఏ యంత్రానికి ఇవ్వాలో తేల్చే పద్ధతులే ఇక్కడ ఏ బిళ్ళ ఎక్కడ పెట్టాలో తేలుస్తాయి.

కావలసిన బిళ్ళలు కావలసినన్ని వాడుకునే వీలుంటే ఇందులో పెద్ద గొప్ప లేదు, అది మామూలు చుక్కల బొమ్మ అవుతుంది. పెట్టెలు విప్పితే వాటిలోని బిళ్ళలన్నీ వాడాలి, ఒక్కటీ మిగలకూడదు, ఒక్కటీ తక్కువ కాకూడదు అన్నది వీళ్ళు పెట్టుకున్న పట్టు. తొమ్మిది డబుల్ నైన్ పెట్టెలు తీసుకుంటే 495 బిళ్ళలు, 990 గడులు. అడ్డంగా 30, నిలువుగా 33 గడుల చట్రంలో సరిగ్గా పడతాయి. అప్పుడు కటిక నలుపు గడులు 99, మల్లెతెలుపు గడులు 99, మధ్యలోని ప్రతి ఛాయా అంతే. ఫోటోలో వెనక తెర మొత్తం నల్లగా ఉంటే కుదరదు. ఫోటో ఛాయలను ముందే సమానంగా సర్దుకోవాలి.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి. 99 నల్ల గడుల్లో 0-0 బిళ్ళలవి 18 మాత్రమే. మిగతా 81 నల్ల గడులూ ఒక్కోటి ఒక్కో వేరే ఛాయకు అతుక్కుని ఉన్నాయి, అందులో తొమ్మిది ఏకంగా తెలుపుకే. జుట్టు లాంటి నల్లని భాగం నిండా నలుపే పరవాలంటే కుదరదు, పక్కగడి ఏదో ఒక ఛాయను వెంటబెట్టుకొస్తుంది. 0-9 బిళ్ళ పెట్టడానికి చోటు నలుపు, తెలుపు ఎదురుబొదురుగా తాకే గీత మీదే, చొక్కా కాలరు దగ్గరో కంటిపాపలోని మెరుపు దగ్గరో. అలాంటి చోట్లు బొమ్మలో తొమ్మిది దొరకాలి, దొరకకపోతే ఎక్కడో ఒకచోట మచ్చలా పెట్టుకుని సరిపెట్టుకోవాలి. 495 బిళ్ళల్లో ఏది ఎక్కడ పెడితే మొత్తం తేడా అతి తక్కువ అవుతుందో కంప్యూటర్ వెతికి చెబుతుంది. దగ్గరగా చూస్తే చుక్కలు, పది అడుగులు వెనక్కి వెళ్తే మనిషి ముఖం. చూసేవాళ్ళు పోలికను మెచ్చుకుంటారు గానీ, అసలు మెచ్చుకోవాల్సింది పెట్టెలో ఒక్క బిళ్ళా మిగలకపోవడాన్ని.

గణితంలో మాత్రం డామినోకు చుక్కలు అక్కర్లేదు. పక్కపక్కనే ఉన్న రెండు గడులను కప్పే ఆకారం ఉంటే చాలు. ఎదురెదురు మూలల్లోని రెండు గడులు కత్తిరించిన చదరంగం బల్లను 31 డామినోలతో కప్పగలమా అన్న ప్రశ్నను తత్వవేత్త మాక్స్ బ్లాక్ 1946లో వేశాడు. గడులు 62, లెక్కకు సరిగ్గా సరిపోతాయి. ఎంతసేపు ప్రయత్నించినా కప్పలేం. ఎదురు మూలలు రెండూ ఒకే రంగు కాబట్టి, అవి పోతే ఒక రంగు గడులు 32, రెండోవి 30 మిగులుతాయి. ప్రతి డామినో రెండు రంగుల్లో ఒక్కో గడిని కప్పుతుంది. ఇక కుదిరే మాటే లేదు. మూలలు కత్తిరించని బల్లనైతే 1,29,88,816 రకాలుగా కప్పవచ్చు. అలాంటి లెక్కలకు సూత్రం 1961లో దొరికింది, కనిపెట్టింది భౌతిక శాస్త్రజ్ఞులు: ఒక పక్క కాస్టెలైన్, విడిగా టెంపర్లీ, ఫిషర్. వాళ్ళకు బల్లతో పని లేదు. స్ఫటికం ఉపరితలానికి అంటుకునే రెండు పరమాణువుల అణువులు ఎన్ని రకాలుగా సర్దుకుంటాయన్నది వాళ్ళ ప్రశ్న.

ఈ కప్పే లెక్కల్లో అన్నిటికన్నా చిన్నది తెలుగు ఛందస్సు చదివినవాళ్ళకు పాత చుట్టమే. రెండు గడుల వెడల్పు ఉన్న పట్టీని డామినోలతో కప్పాలి. ఒక బిళ్ళను నిలువుగా పెడితే పొడవులో ఒక గడి నిండుతుంది, రెండిటిని అడ్డంగా ఒకదాని మీద ఒకటి పెడితే రెండు గడులు నిండుతాయి. మొదటిది లఘువు, రెండోది గురువు. పొడవు 1 నుంచి 5 దాకా పెరిగితే కప్పే పద్ధతులు 1, 2, 3, 5, 8 అవుతాయి. ఇన్ని మాత్రల్లో లఘు గురువులను ఎన్ని రకాలుగా అమర్చవచ్చన్న లెక్క ఇదే. ఇప్పుడు ఈ అంకెల వరసను ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచ్చి పేరుతో పిలుస్తారు గానీ, ఆయన 1202లో రాసిన పుస్తకం కన్నా ముందే భారతీయ పండితులు విరహాంకుడు, హేమచంద్రుడు దీన్ని ఛందశ్శాస్త్రం కోసం రాసిపెట్టారు.

ఇప్పుడు కూల్చడం సంగతి. నిలబెట్టిన బిళ్ళ అంటే దాచిపెట్టిన శక్తి. నిలబెట్టినప్పుడు చేతులు పెట్టిన శ్రమ దాని ఎత్తులో ఉండిపోతుంది, పడినప్పుడు బయటికొస్తుంది. పడగొట్టడానికి కావలసిన చిన్న తోపు కన్నా పడినప్పుడు వచ్చే శక్తి ఎక్కువ, అందుకే వరస ఆగదు. మొదటి బిళ్ళను గట్టిగా తోసినా మెల్లగా తోసినా, కొన్ని బిళ్ళలు దాటేసరికి వేగం ఒకేలా స్థిరపడుతుంది. ఆ వేగాన్ని తేల్చేవి బిళ్ళ ఎత్తు, మందం, మధ్య ఎడం, ఒరిపిడి. తోసినవాడి ఉత్సాహంతో దానికి సంబంధం లేదు.

ఆ మిగులు శక్తి ఎంతో 1983లో లోర్న్ వైట్‌హెడ్ ఒక భౌతిక శాస్త్ర పత్రికలో చూపించాడు. ప్రతి బిళ్ళా తనకన్నా ఒకటిన్నర రెట్లు పెద్ద బిళ్ళను పడగొట్టగలదు. ఎత్తు, వెడల్పు, మందం మూడూ ఒకటిన్నర రెట్లు పెరిగితే బరువు మూడున్నర రెట్లకు దగ్గరగా పెరుగుతుంది. 5 మిల్లీమీటర్ల బిళ్ళతో మొదలుపెడితే పదమూడో బిళ్ళ ఎత్తు సుమారు 65 సెంటీమీటర్లు, బరువు మొదటిదానికి దాదాపు 22 లక్షల రెట్లు. ఇలాగే పోతే 29వ బిళ్ళ 400 మీటర్లు దాటుతుంది, అంటే న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం పైకప్పు (381 మీటర్లు) కన్నా ఎత్తు.

కూల్చడాన్ని ప్రదర్శనగా మార్చినవాళ్ళలో 1970లలో అమెరికాకు చెందిన బాబ్ స్పెకా ముందువరసలో ఉన్నాడు. దాన్ని దేశమంతా టీవీ ముందు కూర్చునే పండగ చేసింది నెదర్లాండ్స్. 1998 నుంచి 2009 దాకా అక్కడ డామినో డే ప్రసారమైంది. చివరిసారి, 2009 నవంబరులో, లేవార్డెన్ నగరంలో 44,91,863 బిళ్ళలు కూలి రికార్డు అయింది. 2005లో అదే నగరంలో ఇంకో సంఘటనతో ఆ కార్యక్రమం ప్రపంచ వార్తల్లోకెక్కింది. ప్రసారానికి కొద్ది రోజుల ముందు హాల్లోకి ఒక పిచ్చుక దూరింది. అది వాలిన చోట సుమారు 23,000 బిళ్ళలు కూలిపోయాయి. దాన్ని పట్టలేక ఎయిర్ గన్‌తో కాల్చి చంపించారు. దేశంలో గగ్గోలు పుట్టింది, పక్షి ప్రేమికులు నిరసన తెలిపారు. ఆ పిచ్చుక ఇప్పుడు రోటర్‌డామ్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉంది. కార్యక్రమం మాత్రం అనుకున్న రోజే జరిగింది, 40,02,136 బిళ్ళలు పడ్డాయి.

లక్షల బిళ్ళలు నిలబెట్టిన చోట పిచ్చుక 23,000 దగ్గరే ఎందుకు ఆగింది? పేర్చేవాళ్ళు మధ్య మధ్యలో కావాలనే ఖాళీలు వదులుతారు. ఎవరి మోచెయ్యో తగిలినా నష్టం ఆ ముక్క దాటి పోదు. చివరి రోజు అందరూ తప్పుకున్నాక, చేయి వణకనివాళ్ళు లోపలికెళ్ళి ఆ ఖాళీలు పూరించి వస్తారు. ఆ ఘట్టంలో ఉండే టెన్షన్ కూలేటప్పుడు ఉండదు. పేర్చేవాళ్ళను అడిగితే ఈ విద్యలో సగం, పడకుండా చూసుకోవడమే అంటారు.

ఈ సంగతి రాజకీయ నాయకులకు తట్టలేదు. 1954 ఏప్రిల్ 7న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ విలేకరుల సమావేశంలో ఇండోచైనా (వియత్నాం, దాని పొరుగు దేశాలు) కమ్యూనిస్టుల వశమైతే ఏమవుతుందో చెబుతూ, వరసగా పెట్టిన డామినోల్లో మొదటిదాన్ని పడగొడితే చివరిదానికీ అదే గతి పడుతుందన్నాడు. ఆ పోలిక మీద ఏళ్ళ తరబడి విదేశాంగ విధానం నడిచింది, యుద్ధం జరిగింది. డామినోలు అలా పడటానికి అవి ఒకే ఎత్తులో, ఒకే ఎడంలో, ఒకే దిక్కుగా ఎవరో ఓపికగా నిలబెట్టడమే కారణం. దేశాలు అలా ఉండవు. పోలిక తేలిగ్గా అర్థమవుతుంది కాబట్టి నిజమనుకోవడం ఎంత ఖరీదైన పొరపాటో వియత్నాం తేల్చింది.

కూల్చే విద్యలో అన్నిటికన్నా బుర్రకు పని పెట్టేది లెక్కలు చేసే డామినోలు. 2012లో మాంచెస్టర్ సైన్స్ ఫెస్టివల్‌లో గణిత ప్రచారకుడు మాట్ పార్కర్ బృందం 10,000 బిళ్ళలతో రెండు సంఖ్యలను కూడే యంత్రం పేర్చింది. అందులో కరెంటు లేదు, చక్రాలు లేవు. వరస పడితే 1, నిలబడి ఉంటే 0. రెండు వరసలు వచ్చి ఒకే వరసలో కలిస్తే, ఏది పడినా బయటి వరస పడుతుంది. కంప్యూటర్ తర్కంలో దాని పేరు 'లేదా' ద్వారం (OR గేట్). దీనికి తెలివేం అక్కర్లేదు. 'ఒకటి మాత్రమే పడితే' అన్న షరతు పెట్టడం కష్టం. దానికి వాడేది కోత. మొదటి వరస పోతూ పోతూ రెండో వరసలోని ఒక చిన్న ముక్కను పక్కకి పడేస్తుంది. తర్వాత రెండో వరస అల అక్కడికి వచ్చేసరికి తోయడానికి బిళ్ళ నిలబడి ఉండదు, అల ఆగిపోతుంది. 0, 1 అంకెలే ఉండే కంప్యూటర్ కూడికలో 1కి 1 కలిస్తే ఆ స్థానంలో 0 పడి, పక్క స్థానానికి 1 పోవాలి. ఆ 0 ఈ కోతవల్లే వస్తుంది.

కోత పని చేయాలంటే ముందు రావాల్సింది ముందు రావాలి. అందుకే ఒక వరసను నేరుగా, ఇంకోదాన్ని మెలికలు తిప్పి పేరుస్తారు. మెలిక అలంకారం కాదు, ఆలస్యం. దూరం లెక్క కాస్త తప్పితే అల ముందే దాటిపోతుంది, సమాధానం తప్పు వస్తుంది. 'కాదు' ద్వారం ఇంకా చిక్కు: లోపలికి ఏమీ రాకపోతే బయట 1 పడాలి. ఏమీ జరగకపోవడం నుంచి బిళ్ళ దానంతటది పడదు కదా. కాబట్టి లెక్క మొదలైన క్షణంలోనే ఎలాగూ పడే ఇంకో వరసను గడియారంలా నడిపించి, లోపలి వరస వస్తే దాన్ని కోసేలా పెట్టాలి. కంప్యూటర్ చిప్ రూపకర్తలు గడియారం మీద ఎందుకంతగా ఆధారపడతారో ఈ బల్ల దగ్గర పావుగంట నిలబడితే అర్థమవుతుంది. ఒకసారి కూడిక పూర్తయ్యాక ఏ బిళ్ళలు పడ్డాయో చూసి జవాబు చదువుకోవాలి, రెండో కూడికకు పడిన బిళ్ళలన్నిటినీ మళ్ళీ చేత్తో నిలబెట్టాలి.